చివరి 37 గంటలు: రాబోయేది ముందే చెప్పిన నర్సు – ఒక కేస్ స్టడీ

ఇది ఏ ఒక్క కుటుంబం కథా కాదు. పాలియేటివ్ వార్డుల్లో, అంటే జబ్బు నయం కాని దశలో బాధ తగ్గించేందుకు చూసుకునే వార్డుల్లో, మళ్లీ మళ్లీ ఎదురయ్యే పరిస్థితులను ఒక కేసుగా కూర్చి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా రాశాం. వేర్వేరు షిఫ్టుల్లో చూసుకున్నవాళ్లను కూడా "నర్సు" అని ఒకే మనిషిగా చూపించాం. ఇందులోని మోతాదులు పెద్దవాళ్లవి. రోగి కిడ్నీల పనితీరునూ అప్పటికే వాడుతున్న మందులనూ చూసి డాక్టర్ నిర్ణయించాల్సినవే తప్ప, ఇక్కడ చూసి వేరొకరికి వాడదగినవి కావు.

కేసు

రోగి వయసు 67. ఊపిరితిత్తుల క్యాన్సర్ కాలేయానికీ వెన్నుపూసలకూ పాకింది. కీమో ఆపేసి ఆరు వారాలైంది. నొప్పికి మార్ఫిన్ మాత్రలు 10 మి.గ్రా. చొప్పున నాలుగు గంటలకోసారి, అంటే రోజుకు 60 మి.గ్రా. నడుస్తున్నాయి. నొప్పి అదుపులోనే ఉంది. వార్డుకు వచ్చేసరికి పూర్తిగా మంచానికే పరిమితమయ్యారు. రోజు మొత్తంలో నాలుగైదు చెంచాల నీళ్లు, మిగతా సమయమంతా మగత. రోగి ఎంతవరకు తన పనులు చేసుకోగలరో కొలిచే పాలియేటివ్ పర్ఫార్మెన్స్ స్కేలు మీద (పూర్తి ఆరోగ్యం 100, మరణం 0) 20 శాతం. గుండె ఆగితే సీపీఆర్ (ఛాతీ నొక్కి గుండెను మళ్లీ నడిపించే ప్రయత్నం) చేయొద్దని ఆయన తెలివిలో ఉన్నప్పుడే డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకున్నారు. అది కేస్ షీటులో ఉంది.

దగ్గర భార్య, రెండేళ్లుగా అన్నీ తానై చూసుకుంటున్న కూతురు, ఆమె ఏడేళ్ల పాప ఉన్నారు. వేరే దేశంలో ఉండే కొడుకు దారిలో ఉన్నాడు.

మొదటి సాయంత్రం

సాయంత్రం ఆరింటికి డ్యూటీకి వచ్చిన నర్సు నోరు శుభ్రం చేస్తుంటే మధ్యాహ్నం వేసిన మాత్ర బుగ్గలో అలాగే దొరికింది. మింగడం ఆగిపోయిందన్నమాట. ఇది పైకి చిన్న విషయం. కానీ ఎవరూ నోరు తెరిచి చూడకపోతే రోగి అర్ధరాత్రి దాకా మందు లేకుండా ఉంటారు, అప్పుడు మొదలైన నొప్పిని "చివరి దశ బాధ" అని కుటుంబం జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది.

డాక్టర్ వచ్చి మార్ఫిన్‌ను చర్మం కిందికి మార్చారు. నోటి మోతాదులో సగం: 24 గంటలకు 30 మి.గ్రా., మందును కొద్దికొద్దిగా ఆగకుండా ఎక్కించే సిరింజ్ పంపు ద్వారా. మధ్యలో నొప్పి వస్తే ఇవ్వడానికి అందులో ఆరో వంతు, 5 మి.గ్రా. పంపు మొదలెట్టాక మందు రక్తంలో తగిన స్థాయికి చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ ఖాళీలో నొప్పి రాకుండా పంపు పెట్టేటప్పుడే 5 మి.గ్రా. విడిగా ఇచ్చారు. బటర్‌ఫ్లై సూదిని (చర్మానికి అంటించే రెక్కలున్న సన్న సూది) కాలర్ ఎముక కింద, పక్కకు తిప్పినా నలగని చోట పెట్టారు. ప్రతి నాలుగు గంటలకూ ఆ చోట ఎరుపు, వాపు, గట్టిదనం ఉన్నాయేమో చూడాలి. ఉంటే మందు సరిగా ఎక్కడం లేదని లెక్క, చోటు మార్చాలి.

ఆ తర్వాత నర్సు కుర్చీ లాక్కుని భార్య పక్కన కూర్చుంది. నిలబడి చెప్పే రెండు నిమిషాల మాటా, కూర్చుని చెప్పే రెండు నిమిషాల మాటా వినేవాళ్లకు ఒకే నిడివిగా అనిపించవు. ముందుగా ఆమె అడిగింది ఒక్కటే: "అమ్మా, ఇప్పటివరకు మీకేం చెప్పారు? మీకేం అనిపిస్తోంది?" భార్యకు చాలావరకు తెలుసు. తెలియనిదల్లా ఎంత సమయం ఉందన్నది. నర్సు తేదీ గానీ గంట గానీ చెప్పలేదు. "వారాల మాట దాటిపోయిందమ్మా. ఒకటి రెండు రోజులు అనిపిస్తోంది, ఇంకా త్వరగా కూడా కావచ్చు. నా అంచనా తప్పొచ్చు. కానీ రావాల్సినవాళ్లను ఇప్పుడే పిలవండి" అంది. అంచనా తప్పినా పిలిచినవాళ్లు రావడంలో నష్టం లేదు. పిలవకపోతే జరిగే నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు.

తర్వాత ఏమేం మారతాయో వరుసగా చెప్పింది. నిద్ర ఎక్కువవుతుంది. చేతులు, పాదాలు చల్లబడతాయి. మోకాళ్ల మీదా అరికాళ్లలోనూ ఊదారంగు వలలాంటి మచ్చలు రావచ్చు. మూత్రం తగ్గి ముదురు రంగులోకి మారుతుంది. గొంతులో గురగుర రావచ్చు. శ్వాస కాసేపు వేగంగా నడిచి, తగ్గి, ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఆ ఆగడం అర నిమిషం పైన కూడా ఉండొచ్చు, అయిపోయిందనుకున్నాక మళ్లీ ఊపిరి తీసుకోవచ్చు. ఒక్కోటి చెప్పినప్పుడల్లా, అది కనబడితే తాము ఏం చేస్తారో కూడా జత చేసింది. లక్షణం మాత్రం చెప్పి వదిలేస్తే మిగిలేది భయమే.

ఇంకో రెండు మాటలు చెప్పడానికి చాలామంది వెనకాడతారు, ఆమె వెనకాడలేదు. మొదటిది: "రాత్రంతా కూర్చున్నవాళ్లు నీళ్లు తాగడానికి లేచిన ఐదు నిమిషాల్లో పోయేవాళ్లు చాలామంది ఉంటారు. అలా జరిగితే మీరు చేసిన తప్పేమీ ఉండదు." రెండోది: "ఇచ్చే ఇంజెక్షన్లలో ఏదో ఒకటి చివరిది అవుతుంది. అంతమాత్రాన ఆ ఇంజెక్షన్ వల్ల పోయినట్టు కాదు."

తెల్లవారుజాము ఐదింటికి సూది

మర్నాడు తెల్లవారుజామున ల్యాబ్ మనిషి రోజూలాగే రక్తం తీయడానికి వచ్చాడు. అంతకుముందు రోజే పరీక్షలు వద్దనుకున్నారు, కానీ పాత ఆర్డరును ఎవరూ కొట్టేయలేదు. నిద్రలో ఉన్న భార్య ఉలిక్కిపడి లేచి, "మళ్లీ ట్రీట్‌మెంట్ మొదలుపెడుతున్నారా?" అని అడిగింది. ఆ ప్రశ్నలో ఆశ ఉంది. దాన్ని రెండోసారి ఆర్పాల్సి వచ్చింది.

వైద్యం దిశ మారినప్పుడు కొత్త మందులు రాయడం అందరికీ గుర్తుంటుంది. పాతవి కొట్టేయడం మరుగున పడుతుంది. ఆ ఉదయం నర్సు డాక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఆర్డరూ చూసింది: బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, రక్తం పల్చబడే ఇంజెక్షన్, వేలికి పొడిచి చూసే షుగర్, నాలుగు గంటలకోసారి బీపీ, రక్తపరీక్షలు. అన్నీ ఆగాయి. మానిటర్ కూడా తీసేశారు. మానిటర్ ఉన్నంతసేపు కుటుంబం చూపు దాని మీదే ఉంటుంది, మనిషి ముఖం మీద ఉండదు. తీసేముందు మాత్రం కారణం చెప్పాలి. చెప్పకుండా తీస్తే వదిలేశారన్న అర్థమే వెళుతుంది. దాని బదులు ఏం చూస్తామో కూడా చెప్పింది: నుదుటి ముడతలు, మూలుగు, కాళ్లూ చేతులూ బిగుసుకోవడం, శ్వాస తీరు. నాలుగు గంటలకోసారి, అవసరమైతే ఇంకా తరచుగా.

కేస్ షీటు ముందు ఒక కాగితం కూడా అంటించింది. మంచం దగ్గర ఎవరెవరు, ఒక్కొక్కరు రోగికి ఏమవుతారు, అర్ధరాత్రి ముందుగా ఎవరికి ఫోన్ చేయాలి, కుటుంబానికి ఇప్పటిదాకా ఏం చెప్పాం, రోగి ఇష్టాలు, సీపీఆర్ నిర్ణయం. షిఫ్టు మారినప్పుడల్లా కొత్త మనిషి వచ్చి "ఈయనకేంటమ్మా ప్రాబ్లం?" అని అడిగితే ఆ భార్య కథంతా మొదటినుంచీ చెప్పుకోవాలి. ఆ కాగితం ఆ భారాన్ని తప్పించింది.

కొడుకు అడిగిన సెలైన్

తొమ్మిదింటికి కొడుకు వచ్చాడు. వచ్చిన పది నిమిషాల్లోనే, "తిండి లేదు, నీళ్లు లేవు, సెలైన్ కూడా పెట్టరా? ఆకలితో చంపుతున్నారా?" అని గొంతు పెంచాడు. వార్డులో ఇలాంటివాళ్లకు "గొడవ చేసే అటెండెంట్" అని పేరు పడుతుంది. అది అన్యాయం. రెండేళ్లలో కూతురు మెల్లమెల్లగా చూసిన క్షీణతను అతను ఒక్క చూపులో చూశాడు. ఆ దెబ్బే కోపమై బయటికి వచ్చింది.

నర్సు వాదించలేదు. "మీరు ఆయన్ని చివరిసారి ఎప్పుడు చూశారు? అప్పుడెలా ఉన్నారు?" అని అడిగి, అతను చెప్పినంతసేపూ విన్నది. ఆ తర్వాతే వివరంలోకి వెళ్లింది. తినకపోవడం వల్ల ఆయన ఈ స్థితికి రాలేదు, ఈ స్థితికి వచ్చినందువల్ల తినడం ఆగింది. ఈ దశలో ఆకలి దాదాపు ఉండదు. దాహంలా కనిపించేది చాలావరకు ఎండిన నోరు, అది సెలైన్‌తో తీరదు. పాదాల మీద వేలితో నొక్కి గుంట పడటం చూపించింది: లోపలికి వెళ్లే నీటిని శరీరం వాడుకోలేకపోతోందనడానికి అది గుర్తు. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో 129 మంది చివరి దశ క్యాన్సర్ రోగుల్లో కొందరికి రోజుకు లీటరు, కొందరికి 100 మి.లీ. సెలైన్ మాత్రమే ఇచ్చి చూస్తే బాధల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది అతనికి చెప్పింది డాక్టర్. అంకెలు అడిగే మనిషికి అంకెలు చెప్పాల్సిందే.

అతను పూర్తిగా ఒప్పుకోలేదు. డాక్టర్, నర్సు, కుటుంబం కలిసి ఒక గడువు పెట్టుకున్నారు: చర్మం కింద 500 మి.లీ., 12 గంటలకు సరిపడా నెమ్మదిగా. ఊపిరిలో చప్పుడు పెరిగినా వాపు పెరిగినా ఆపేయాలి. ఆపడానికి కారణాలు ముందే ఒప్పుకుని ఉంటే, ఆపేరోజు కొత్త గొడవ రాదు.

అదే సమయంలో అతని చేతికి పని ఇచ్చింది. స్పాంజి పుల్లను నీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి, చిగుళ్లు, బుగ్గల లోపల, నాలుక మీద తుడవాలి. మెలకువగా ఉంటే గంటకోసారి. పెదాలకు నీటి ఆధారంగా చేసిన జెల్ రాయాలి. నిమ్మ, గ్లిజరిన్ కలిపిన పుల్లలు వాడొద్దు, అవి కాసేపటికే నోటిని ఇంకా ఎండగడతాయి. నోట్లో నీళ్లు పోయొద్దు, మింగలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొడుకు సాయంత్రం దాకా ఒక్కసారి కూడా మరవకుండా చేశాడు. సెలైన్ గురించి మళ్లీ ఎత్తలేదు.

గురగుర

మధ్యాహ్నం మూడింటికి గొంతులో చప్పుడు మొదలైంది. మింగలేక, దగ్గలేక గొంతు వెనక నిలిచిన లాలాజలం మీదుగా గాలి వెళ్లడమే దీనికి కారణం. వినేవాళ్లకు మాత్రం ఊపిరాడక మునిగిపోతున్నట్టు ఉంటుంది. భార్యకు ముందురోజే చెప్పి ఉండటం వల్ల ఆమె పరుగెత్తుకు రాలేదు, బెల్ నొక్కి "మీరు చెప్పిన చప్పుడు వచ్చింది సిస్టర్" అంది. ముందే చెప్పినప్పుడు అది సూచన. వచ్చాక చెబితే, చెప్పేది ఎంత నిజమైనా సాకులా వినిపిస్తుంది.

వరుస ఇది. మొదట మనిషిని పక్కకు తిప్పి, తల కొంచెం ఎత్తి, నోరు కిందివైపు ఉండేలా పెట్టడం. చాలాసార్లు కొంత చప్పుడు దీంతోనే తగ్గుతుంది. తర్వాత గ్లైకోపైరోనియం 0.2 మి.గ్రా. చర్మం కింద, ఆపై పంపులో కొనసాగింపు. ఈ మందు కొత్తగా ఊరేదాన్ని తగ్గిస్తుంది, అప్పటికే చేరినదాన్ని తీసేయదు. అందుకే చప్పుడు సన్నగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే ఎంత ఇచ్చినా ప్రయోజనం తక్కువ. నోరు ఇంకా ఎండుతుంది కాబట్టి నోటి శుభ్రత రెట్టింపు చేయాలి.

కొడుకు సక్షన్ పెట్టమన్నాడు, అంటే పైపుతో పీల్చి తీసేయమని. గొంతు లోతుల్లోకి పైపు పంపితే వాంతి వచ్చినట్టవుతుంది, రక్తం రావచ్చు, ఊట ఇంకా పెరుగుతుంది. నోటి ముందుభాగంలో కనబడేది మాత్రం మెత్తగా తీశారు. "ఆయన నుదురు చూడండి, ముడత లేదు. చప్పుడు మనల్ని బాధపెడుతోంది గానీ ఆయన్ని కాదు" అని నర్సు చూపించింది. అప్పటికి 200 మి.లీ. వెళ్లిన సెలైన్‌ను అనుకున్న ప్రకారమే ఆపారు. కొడుకు ముఖం చూసి ఆమె వెంటనే, "సెలైన్ పెట్టకపోయినా ఈ చప్పుడు వచ్చేదే" అంది. ఆ ఒక్క మాట అప్పుడు చెప్పకపోతే అతను ఎన్నేళ్లు దాన్ని మోసేవాడో.

పాప

పాపను లోపలికి తేవాలా వద్దా అన్నది పెద్దవాళ్లు తేల్చుకోలేకపోయారు. నర్సు సలహా: పాపనే అడగండి, రానంటే బలవంతం వద్దు. వచ్చేముందు ఏం చూడబోతుందో చెప్పాలి: తాతయ్య కళ్లు మూసుకుని ఉంటారు, మాట్లాడరు, గొంతులో చప్పుడు వస్తుంది, చేతులు చల్లగా ఉంటాయి, ఛాతీ మీద చిన్న ట్యూబు ఉంటుంది. దుఃఖంలో మునిగిపోని పెద్ద మనిషి ఒకరు పాపతోనే ఉండి, బయటికి వెళదామంటే వెంటనే తీసుకెళ్లాలి. "నిద్రపోతున్నారు", "ఊరెళుతున్నారు" అనొద్దు. నిద్రపోయినవాళ్లు లేవరని నేర్చుకున్న పిల్ల రాత్రిళ్లు నిద్రకు భయపడుతుంది. "తాతయ్య శరీరం పనిచేయడం ఆగిపోతోంది, చనిపోబోతున్నారు" అని చెబితే చాలు. పిల్లలు పైకి అడిగినా అడగకపోయినా మూడు ప్రశ్నలు ఉంటాయి: నా వల్లేనా, నాకూ వస్తుందా, నన్నెవరు చూసుకుంటారు. మూడింటికీ అడగకముందే జవాబు చెప్పమంది.

పాప నాలుగు నిమిషాలు ఉంది. "వినబడుతుందా?" అని అడిగింది. వినబడుతుందనుకుని మాట్లాడమంది నర్సు. ఇది ఓదార్పు కోసం అన్న మాట కాదు. 2020లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు స్పందన లేని చివరి దశ రోగుల మెదడు తరంగాలను నమోదు చేసి, కొందరిలో శబ్దానికి మెదడు స్పందిస్తోందని చూపారు. మాట అర్థమవుతుందా అన్నది ఆ తరంగాలు చెప్పవు. అయినా మంచం పక్కన ఆస్తుల మాటలూ వాదనలూ వద్దని చెప్పడానికి ఇది చాలు.

అలజడి

రాత్రి పదకొండింటికి ఆయన దుప్పటి లాగడం, కాళ్లు ముడవడం, మంచం దిగబోవడం మొదలుపెట్టారు. కూతురు, "నొప్పి సిస్టర్, మార్ఫిన్ పెంచండి" అంది. అందరికీ మొదట తట్టేది అదే. నర్సు సిరింజి పట్టుకునే ముందు పొత్తికడుపు మీద చేయి వేసి చూసింది. బొడ్డు కిందిదాకా గట్టిగా, ఉబ్బుగా ఉంది. డయాపర్ మధ్యాహ్నం నుంచి పొడిగానే ఉంది. మార్ఫిన్ మూత్రాశయాన్ని మందగింపజేస్తుంది. మధ్యాహ్నం మొదలుపెట్టిన గ్లైకోపైరోనియం దానికి తోడైంది. కాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) వేస్తే 700 మి.లీ. వచ్చింది. పావుగంటలో చేతులు నెమ్మదించాయి. మిగిలిన చిన్న అలజడికి మనిషిని శాంతపరిచే మందు మిడజోలం 2.5 మి.గ్రా. చర్మం కింద ఒకసారి సరిపోయింది.

ఇక్కడ మార్ఫిన్ పెంచి ఉంటే మూత్రం ఇంకా బిగుసుకునేది, అలజడి పెరిగేది, మళ్లీ మార్ఫిన్ పెరిగేది. చివరి దశలో అలజడి కనబడితే చూడాల్సిన క్రమం ఇది: మూత్రాశయం, మలం బిగుసుకోవడం, పడుకున్న తీరు, నలిగిన సూది, ఆగిన పంపు, జ్వరం, ఆ తర్వాత నొప్పి. ఒంట్లో అక్కడక్కడ కండరాలు ఉలిక్కిపడుతుంటే కిడ్నీలు మందగించి మార్ఫిన్ అవశేషాలు పేరుకుంటున్నాయని అనుమానించి డాక్టర్‌కు చెప్పాలి, వేరే మందుకు మార్చాల్సి రావచ్చు. ఈయనలో అది రాలేదు. ఆ గంటల్లో ఫెంటనిల్ ప్యాచ్ (చర్మం మీద అంటించే నొప్పి మందు) అంటిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు, అది పనిచేయడానికి 12 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

చివరి గంటలు

తెల్లవారుజామున 4:40కి పక్కకు తిప్పినప్పుడు ముఖం ముడుచుకున్నారు. ఇంజెక్షన్ ఇవ్వమని కూతురు అడిగింది, ఆ ముడత నర్సు కూడా చూసింది. మార్ఫిన్ 5 మి.గ్రా. ఇచ్చారు. శ్వాస ఇచ్చేముందు నిమిషానికి 14, అరగంట తర్వాత 12. నుదురు తేలికపడింది. ఆరు దాటాక ప్రతి శ్వాసకూ దవడ కదలడం మొదలైంది. నర్సు ముగ్గురినీ పిలిచి, "ఇక గంటల్లోనే" అంది. ఆక్సిజన్ మాస్క్ అడిగితే, ఆయన ఊపిరి కోసం పెనుగులాడటం లేదని చెప్పి, చిన్న ఫ్యాను గాలి చెంపకు తగిలేలా పెట్టింది.

భార్య ముఖం కడుక్కోవడానికి వెళ్లింది. 7:15కి శ్వాస ఆగింది, మళ్లీ రాలేదు. ఆమె తిరిగి వచ్చేసరికి నర్సు తలుపు దగ్గరే ఉండి, "అమ్మా, ఆయన చనిపోయారు. పిల్లలిద్దరూ చెయ్యి పట్టుకునే ఉన్నారు" అని చెప్పి లోపలికి తీసుకెళ్లింది. భార్య ఏడుస్తూనే, "మీరు చెప్పారు కదా, ఇలా జరుగుతుందని" అంది.

డాక్టర్ వచ్చి ఐదు నిమిషాల పాటు గుండె చప్పుడు, శ్వాస, కంటిపాపలు చూసి నిర్ధారించారు. శరీరం రెండు మూడు గంటల తర్వాత బిగుసుకోవడం మొదలవుతుంది. కాబట్టి తొందరపెట్టకుండా, ఆలస్యం చేయకుండా కొన్ని పనులు చేయాలి: వెల్లకిలా పడుకోబెట్టి తల కింద ఒక దిండు, కళ్లు అర నిమిషం మెత్తగా మూసిపట్టడం, కట్టుడు పళ్లు పెట్టడం, గడ్డం కింద చుట్టిన తువ్వాలు. ఎవరు తాకొచ్చు, ఎవరు స్నానం చేయిస్తారు అన్నది కుటుంబాన్ని అడిగాకే. పక్కకు తిప్పినప్పుడు ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి మూలుగులా బయటికి రావచ్చని ముందే చెప్పాలి. చెప్పకపోతే బతికే ఉన్నారని కేకలు వేస్తారు. ఉంగరం, గడియారం సాక్షి సంతకంతో అప్పగించాలి. బట్టలు చెత్త వేసే కవర్లో పెట్టి ఇవ్వకూడదు. పంపులో మిగిలిన మార్ఫిన్‌ను గది బయట, రెండో నర్సు చూస్తుండగా కొలిచి, పారబోసి, ఇద్దరూ సంతకం చేయాలి.

రెండు వారాల తర్వాత ఫోన్

వార్డు నుంచి నర్సు ఫోన్ చేసినప్పుడు కూతురు కాసేపు మామూలుగా మాట్లాడి, చివర్లో అడిగింది: "సిస్టర్, ఆ తెల్లవారుజామున నేను అడిగి వేయించిన ఇంజెక్షన్ వల్లే పోయారా?"

నర్సు "అదేం లేదులే" అని తోసేయలేదు. షీటు తెరిచి చదివింది. 4:40కి 5 మి.గ్రా., పంపు పెట్టినరోజు ఇచ్చినంతే. ఇచ్చేముందు శ్వాస 14, తర్వాత 12. పోయింది రెండున్నర గంటల తర్వాత. మోకాళ్ల మీద మచ్చలు, శ్వాసలో విరామాలు ముందురోజు మధ్యాహ్నం నుంచే ఉన్నట్టు నమోదై ఉంది. "మీరు అడిగింది ఆయన ముఖం ముడుచుకోవడం చూసి. ముడత పోయింది. షీటులో ఉన్నది ఇదే." ప్రతి ఇంజెక్షన్‌కు ముందూ వెనకా శ్వాస లెక్కపెట్టి రాయడం అప్పుడు పనికొచ్చింది. ఆ అంకెలు లేకపోతే ఇవ్వగలిగేది హామీ మాత్రమే.

ఈ ప్రశ్న భార్యకు రాలేదు, కూతురికే ఎందుకొచ్చింది? మొదటి సాయంత్రం నర్సు చివరి ఇంజెక్షన్ గురించి చెప్పినప్పుడు కూతురు పాపను ఇంటి దగ్గర దింపడానికి వెళ్లి ఉంది. కేస్ షీటు ముందు అంటించిన కాగితం మీద "ఏం చెప్పాం" అని ఉంది గానీ, "ఎవరికి చెప్పాం" అని లేదు. ఆ తర్వాత నుంచి ఆ కాగితంలో ప్రతి మాట ఎదురుగా విన్నవాళ్ల పేర్లు రాస్తున్నారు, గదిలో లేనివాళ్లకు ఎవరు, ఏ షిఫ్టులో చెప్పాలో కూడా.